కేదైనియై (లిథువేనియా): ఒక రోజు పెట్టుకుని చూడదగ్గ ఊరేనా?

కౌనస్_మెడికో

అందరికీ నమస్తే. నేను కౌనస్‌లో మెడిసిన్ చదువుతున్నాను. జూలైలో అమ్మానాన్న ఇక్కడికి వస్తున్నారు. విల్నియస్, త్రకై కోట, క్లైపెద దగ్గరి ఇసుక తిన్నెలు ఎలాగూ లిస్టులో ఉన్నాయి. మధ్యలో ఒక రోజు ఖాళీ. మా బ్యాచ్‌లో ఉన్న లోకల్ అమ్మాయి "కేదైనియై తీసుకెళ్ళు, మీ నాన్నగారికి నచ్చుతుంది" అంది. మన సీనియర్లను అడిగితే "అదొక ఎరువుల ఫ్యాక్టరీ ఊరు, బస్సు చార్జీలు దండగ" అంటున్నారు.

నాన్న రిటైర్డ్ సోషల్ టీచర్. పాత కట్టడం దగ్గర బోర్డు కనిపిస్తే చివరి లైను దాకా చదవందే కదలరు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా శుద్ధ శాకాహారి. ఇద్దరికీ సరిపడే ఊరేనా? చూసినవాళ్ళు చెప్పండి.

బాల్టిక్_బాబాయ్

మీ సీనియర్లు చెప్పింది అబద్ధమేమీ కాదు. కౌనస్ నుంచి ఉత్తరంగా 50 కిలోమీటర్లు, జనాభా 23 వేలకు అటూ ఇటూ. ఊరు దగ్గర పడగానే ముందు కనిపించేవి పొగ గొట్టాలు, ఒక తెల్ల గుట్ట. అది కొండ అనుకునేరు. ఫాస్ఫేట్ ఎరువులు తయారు చేయగా మిగిలిన జిప్సం, సోవియట్ కాలం నుంచి అలా పోస్తూనే ఉన్నారు. చక్కెర ఫ్యాక్టరీ కూడా ఉంది. నేను లాజిస్టిక్స్‌లో ఉన్నా కాబట్టి లోడింగ్ పని మీద ఆ గేట్ల దాకా చాలాసార్లు వెళ్ళాను. ఊళ్ళోకి వెళ్ళాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

ఆ రోజు కౌనస్‌లోనే ఉండి చుర్లియోనిస్ చిత్రాలున్న మ్యూజియం చూపించు. అమ్మగారికీ శ్రమ తగ్గుతుంది.

విల్నియస్_వాణి

బాబాయ్ గారూ, ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఊరి మీద తీర్పు చెప్పేస్తే ఎలాగండీ!

మెడికో, తప్పకుండా తీసుకెళ్ళు. పాత ఊరంతా నెవేజిస్ ఏటి ఒడ్డున, ఒకదానికొకటి దగ్గర దగ్గరగా ఉంటుంది. పెద్ద మార్కెట్ కూడలి దగ్గర మొదలుపెడితే టౌన్ హాలు, రిఫార్మ్‌డ్ చర్చి (కాల్విన్ మార్గపు ప్రొటెస్టెంట్లది), స్కాట్లాండ్ వ్యాపారుల ఇళ్ళు, పాత మార్కెట్ కూడలిలో సినగాగులు (యూదుల ప్రార్థన మందిరాలు), మ్యూజియం అన్నీ నడక దూరంలోనే. అమ్మగారు మధ్యమధ్యలో కూర్చుంటూ చూసేయొచ్చు. గులకరాళ్ళు పరిచిన వీధులు కొన్ని ఉన్నాయి, అక్కడ మాత్రం చెయ్యి పట్టుకో. స్పోర్ట్స్ షూ వేయించు, చెప్పులు వద్దు.

నాకు ఆ ఊళ్ళో నచ్చేది ఏమిటంటే, ఏ ఒక్క కట్టడమూ "నన్ను చూడు" అని మీద పడదు. త్రకైలో కోట ఒక్కటి చూసి ఫోటో దిగితే సగం పని అయిపోతుంది. ఇక్కడ అలా కుదరదు. ఒక కూడలి దాటి ఇంకో కూడలిలోకి వచ్చేసరికి కట్టినవాళ్ళ మతం మారిపోతుంది, భాష మారిపోతుంది, వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారన్న కథ మారిపోతుంది. నాన్నగారికి నచ్చేది అదే.

కౌనస్_మెడికో

థాంక్స్ అక్కా. స్కాట్లాండ్ వ్యాపారులా? లిథువేనియాలోనా?

చరిత్ర_చాదస్తం

ఇది నా సబ్జెక్టు కాబట్టి ఓపిక పట్టండి, కొంచెం పొడుగవుతుంది.

ఊరి పేరు మొదటిసారి 1372 నాటి రాతల్లో కనిపిస్తుంది. 1590లో మాగ్డెబర్గ్ హక్కులు వచ్చాయి. అంటే సొంతంగా నగర పాలక మండలి, సొంత కోర్టు, సొంత సంత నడుపుకునే అధికారం. ఆ తర్వాత ఊరు రద్విల వంశం చేతికి వచ్చింది. పోలిష్ పుస్తకాల్లో రాజివిల్ అని ఉండే వంశం ఇదే. లిథువేనియా మహా సంస్థానంలో వీళ్ళ మాటంటే రాజు కూడా ఆలోచించాల్సిందే.

వీళ్ళలో బిర్జై శాఖవాళ్ళు కాల్విన్ మతస్థులు. దేశం చుట్టూ మళ్ళీ క్యాథలిక్ బలం పెరుగుతున్న రోజుల్లో, వీళ్ళు తమ సొంత ఊళ్ళో ప్రొటెస్టెంట్లకు నీడ ఇచ్చారు. దాంతో పాటు లెక్కలు కూడా చూసుకున్నారు. చేతిలో పని, జేబులో డబ్బు ఉన్నవాడు ఏ మతం వాడైనా సరే, రమ్మన్నారు. 17వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన వ్యాపారులు ఇక్కడ స్థిరపడి ఊరి పాలక పదవుల దాకా ఎదిగారు. జార్జ్ ఆండర్సన్ అనే స్కాట్ నగర పెద్దగా కూడా చేశాడు. జర్మన్ లూథరన్లకు 1629లో సొంత చర్చి వచ్చింది. యూదులు తమ కూడలి చుట్టూ స్థిరపడ్డారు. క్యాథలిక్కుల పాత గోతిక్ ఇటుక చర్చి, సెయింట్ జార్జ్ చర్చి, అప్పటికే ఉంది. ఈ వంశపు సేనాని యోనుషస్ రద్విల రెండో భార్య మారియా లుపు మోల్దావియా పాలకుడి కూతురు, ఆమె ఆర్థడాక్స్.

ఒక కొసరు మాట: మీ నాన్నగారికి 1653 అనే సంవత్సరం చెప్పి పెట్టు. ఆ ఏడాది ఈ చిన్న ఊళ్ళో లిథువేనియన్ భాషలో రిఫార్మ్‌డ్ క్రైస్తవుల ప్రార్థనల పుస్తకం అచ్చయింది. అప్పట్లో లిథువేనియన్‌లో పుస్తకం రావడం అరుదు. పాలకుల వ్యవహారాలు వేరే భాషల్లో సాగుతున్న కాలం. లిథువేనియా మహా సంస్థానంలో అచ్చయిన మొదటి లిథువేనియన్ పుస్తకం (1595) తెచ్చిన మికలోయుస్ దౌక్ష కూడా ఈ ఊరి పక్కవాడే.

గోదారి_గట్టు

రాజులు మత సహనం అంటే నాకు ఎప్పుడూ అనుమానమే. అసలు సంగతి మీరే చెప్పేశారు కదా, లెక్కలు. పన్నులు కట్టేవాళ్ళు కావాలి.

చరిత్ర_చాదస్తం

కావచ్చు గోదారి గారూ. కానీ పన్నులు కావాల్సిన దొరలు యూరప్ అంతా ఉన్నారు, అందరూ ఈ పని చేయలేదు. 30 ఏళ్ళ యుద్ధంలో పక్కనే జర్మనీ మతం పేరు మీద తగలబడుతున్న సమయం అది.

ఇక రిఫార్మ్‌డ్ చర్చి. కట్టడం 1631లో మొదలై 1652లో పూర్తయింది. బయటి నుంచి చూస్తే తెల్లటి పెద్ద పెట్టెలాంటి కట్టడం, నాలుగు మూలలా చిన్న బురుజులు. లోపల విగ్రహాలు, రంగుల బొమ్మలు ఉండవు. ఓక్ చెక్కతో చేసిన ప్రసంగ వేదిక, ఓక్ పలకలు. కాల్విన్ మతంలో దేవుడి మాట వినడమే ప్రధానం కాబట్టి కళ్ళను పక్కకు లాగేది ఏదీ పెట్టరు.

అసలు చూడాల్సింది దాని కింద ఉంది. నేలమాళిగలో రద్విల వంశపు సమాధి గది. ఆరు లోహపు శవపేటికలు. ఒకటి 'పిడుగు' అని బిరుదున్న క్రిస్తుపస్ రద్విలది, ఆయన సేనాధిపతి. ఇంకొకటి ఆయన మనవడు యోనుషస్‌ది. మిగతా నాలుగూ చిన్నవి. అవి యోనుషస్ తోబుట్టువులవి, పసితనంలోనే పోయిన పిల్లలవి. పెద్దల పేటికల మీద ఎంత పనితనం ఉందో పిల్లల పేటికల మీదా అంతే ఉంది. వంశం పేరుకి అంత విలువ ఇచ్చినవాళ్ళు కూడా పసిపిల్లలను కాపాడుకోలేకపోయారు. మెడిసిన్ చదివేవాడివి కదా, నీకు ఆ నాలుగు పేటికలే ఎక్కువ చెప్తాయి.

వార్సా_వాసు

యోనుషస్ రద్విల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్తున్నా. పోలండ్‌లో ఆయన పేరు ఎత్తితే మా ఆఫీసులో ఒకాయన మొహం మాడిపోతుంది. అక్కడ ద్రోహి అంటే రద్విలే. అప్పట్లో పోలండ్, లిథువేనియా ఒకే రాజు కింద ఉండేవి. ఆ దేశం మీద స్వీడన్ దండెత్తితే ఎదిరించాల్సిన సేనాని, వాళ్ళతోనే ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఒప్పందం జరిగింది ఈ ఊళ్ళోనే. 1655. ఇప్పుడు ఊరి నడిమధ్య ఆయనకు స్మారకం కట్టారట. వింతగా లేదూ?

విల్నియస్_వాణి

వింత ఏముంది వాసు గారూ? ఆ 1655 ఆగస్టు 8న విల్నియస్‌లో ఏం జరిగిందో కూడా చెప్పండి. మాస్కో సైన్యం నగరంలోకి వచ్చింది, రోజుల తరబడి తగలబడింది. పోలండ్ రాజు నుంచి సాయం రాలేదు. తూర్పున మాస్కో, పడమరన స్వీడన్. ఎవరో ఒకరి పక్కన చేరకపోతే దేశమే ఉండదు. మా ఆఫీసులో లిథువేనియన్లను అడిగితే "ఆయన లిథువేనియా కోసం చేశాడు" అంటారు. అక్టోబర్ 20న సంతకం చేసినవాళ్ళు ఆయన ఒక్కడే కాదు, వెయ్యి మందికి పైగా కులీనులు.

వార్సా_వాసు

వెయ్యి మంది సంతకం చేస్తే ద్రోహం కాకుండా పోతుందా? పైగా ఆయన కోరుకున్నది దేశం బాగా, తన సంస్థానమా? స్వీడన్ నీడలో లిథువేనియాలో తనకంటూ సొంత రాజ్యం దక్కుతుందన్న ఆశ లేదంటారా?

చరిత్ర_చాదస్తం

రెండూ ఉన్నాయి. ఆశ లేని సేనాని ఎవరూ ఉండరు, ఆ కాలంలో మరీను. కానీ ఒక సంగతి గమనించండి. ఈ ఒప్పందం ఆచరణలో ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ఏడాది డిసెంబర్ 31న తికోచిన్ కోటలో, చుట్టూ ముట్టడి జరుగుతుండగానే యోనుషస్ చనిపోయాడు. వయసు 43. శవాన్ని తర్వాత కేదైనియైకి తెచ్చారు. 19వ శతాబ్దంలో ఒక ప్రసిద్ధ పోలిష్ నవల ఆయనను పచ్చి విలన్‌గా చూపించింది, పోలండ్‌లో స్కూలు పిల్లలు కూడా చదివేది. వాసు గారి ఆఫీసు మిత్రుడి కోపంలో చరిత్ర పాలు కొంత, నవల పాలు ఎక్కువ.

నా ఓటు అడిగితే: ద్రోహి అనడానికి కావాల్సిన సాక్ష్యం ఉంది. లిథువేనియన్లు స్మారకం పెట్టుకోవడానికి కావాల్సిన కారణమూ ఉంది. ఒక సోషల్ మాస్టారికి ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

వార్సా_వాసు

నేను మాత్రం ఒప్పుకోను :) కానీ వచ్చే వేసవిలో వెళ్ళి ఆ పేటిక చూసి వస్తా.

టర్కీ_టీ

మీరు అందరూ చర్చిలు, శవపేటికలు అంటున్నారు. ఆ ఊళ్ళో ఒక మినార్ ఉందని ఎవరూ చెప్పలేదేం? లిథువేనియాలో తాతార్ ముస్లింలు 600 ఏళ్ళ నుంచి ఉన్నారు కదా, వాళ్ళదే అయ్యుంటుంది.

చరిత్ర_చాదస్తం

మినార్ ఉంది, తాతార్లది కాదు. తాతార్ల చెక్క మసీదులు వేరే పల్లెల్లో ఉన్నాయి. మెడికో రోజూ చూసే కౌనస్ ఇటుక మసీదు 1930ల్లో కట్టింది. కేదైనియై మినార్‌కి మసీదే లేదు. పార్కులో చెట్ల మధ్య ఒంటరిగా నిలబడి ఉంటుంది.

కట్టించింది ఎదువర్ద్ తోత్లెబెన్, రష్యా సైన్యంలో జనరల్. కోటలు కట్టడంలో, కోటలు పడగొట్టడంలో ఆయన దిట్ట. క్రిమియా యుద్ధంలో సెవస్తోపోల్ రక్షణ కట్టడాలు ఆయనవే. 1877లో రష్యా, టర్కీల యుద్ధంలో ప్లెవ్నా కోట రష్యన్ల దాడులకు ఎంతకీ లొంగకపోతే ఆయనను పిలిపించారు. దాడులు ఆపించి, చుట్టూ ముట్టడి బిగించి, తిండి అందకుండా చేసి లొంగదీశాడు. ఈ ఊళ్ళో ఎస్టేటు ఆయనది. యుద్ధం ముగిశాక 1880లో తన తోటలో ఈ మినార్ కట్టించాడు. అంటే ఇది భక్తితో కట్టింది కాదు, గెలుపు గుర్తు. అరబ్బీ లిపిలో చెక్కిన పలకలు కూడా గోడకు ఉన్నాయి.

టర్కీ_టీ

నేను విన్నది వేరు. ఆయనకు ఒక టర్కిష్ ప్రియురాలు ఉండేదని, ఆమె కోసం కట్టించాడని.

చరిత్ర_చాదస్తం

ఊళ్ళో ఆ కథ చెప్తారు. పురాతన కట్టడం పక్కన ప్రియురాలు లేకపోతే గైడ్‌కి పూట గడవదు.

టర్కీ_టీ

మీరు ఎంత కొట్టిపారేసినా నా కథే బాగుంది.

విల్నియస్_వాణి

:))) నాన్నగారికి చాదస్తం గారి వెర్షన్, అమ్మగారికి టీ గారి వెర్షన్ చెప్పు మెడికో.

ఒక విషయం. తోత్లెబెన్ బంగళా ఇప్పుడు లేదు, రెండో ప్రపంచ యుద్ధంలో పోయింది. కాబట్టి పార్కులో భవనం ఉంటుందని వెతకొద్దు. ఈ పార్కు రైల్వే స్టేషన్ వైపు ఉంటుంది, పాత ఊరి నుంచి కొంచెం దూరం. అమ్మగారిని నడిపించకుండా టాక్సీ పిలువు.

గోదారి_గట్టు

యూదుల కూడలి గురించి ఒక్క ముక్కలో దాటేశారు. నేను అక్కడికి వెళ్ళాను కాబట్టి చెప్తాను.

పాత మార్కెట్ కూడలిలో రెండు సినగాగులు పక్కపక్కనే ఉంటాయి. పెద్దది 18వ శతాబ్దం చివర్లో కట్టింది, ఎండాకాలానిది. చిన్నది 19వ శతాబ్దంలో కట్టింది, చలికాలానిది. అంత పెద్ద హాలుని చలికాలంలో వేడి చేయలేరు కాబట్టి చిన్నది విడిగా. ఇప్పుడు పెద్దదాంట్లో పిల్లలు బొమ్మలు వేయడం నేర్చుకునే స్కూలు నడుస్తోంది. చిన్నదాంట్లో 2002 నుంచి బహుళ సంస్కృతుల కేంద్రం ఉంది, ఎగ్జిబిషన్లు, కచేరీలు జరుగుతాయి. యూదు పండితుల్లో శిఖరం అనదగ్గ విల్నా గావోన్ చిన్నతనంలో చదువుకున్నది ఈ ఊళ్ళోనే.

1941 ఆగస్టు 28న ఈ ఊరి యూదులను, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తెచ్చినవాళ్ళను కలిపి ఊరి బయట కాల్చి చంపారు. నాజీ దళం అధికారి స్వయంగా రాసుకున్న రిపోర్టులో లెక్క ఉంది: 710 మంది మగవాళ్ళు, 767 మంది ఆడవాళ్ళు, 599 మంది పిల్లలు. మొత్తం 2,076. ఒక్క రోజులో. కాల్చినవాళ్ళలో స్థానికులూ ఉన్నారు. ఇందాక మత సహనం గురించి మాట్లాడుకున్నాం కదా, ఆ మాట ఈ కూడలి దాకా తీసుకొచ్చాక కూడా నిలబడాలి.

చరిత్ర_చాదస్తం

నిలబడదు. 300 ఏళ్ళ పాటు పక్కపక్కన బతికినవాళ్ళ మీద అది జరిగింది. ఊరి ప్రచార బ్రోషర్లలో "ఎన్నో సంస్కృతుల ఊరు" అని రాస్తారు. ఆ సంస్కృతుల్లో పెద్దదైన ఒకటి ఇప్పుడు గోడలుగానే మిగిలింది. స్కాట్ల సంగతి వేరు, 19వ శతాబ్దం నాటికి వాళ్ళు మెల్లగా స్థానికుల్లో కలిసిపోయారు.

కౌనస్_మెడికో

గోదారి అన్నా, ఆ స్థలానికి నాన్నను తీసుకెళ్ళొచ్చా?

గోదారి_గట్టు

తీసుకెళ్ళు. ఊరి బయట దౌక్షై పల్లె దగ్గర స్మారకం ఉంది. బస్సులో వెళ్ళడం కష్టం, టాక్సీ మాట్లాడుకోవాలి. అమ్మగారికి ముందే చెప్పి, ఆవిడ రానంటే కూడలిలోనే కేఫ్‌లో కూర్చోబెట్టు.

పచ్చళ్ళ_పద్మ

ఇంత పెద్ద చర్చలో ఆ ఊరికి అసలు పేరు తెచ్చిన వస్తువు గురించి ఒక్కరూ మాట్లాడలేదు! కేదైనియై అంటే లిథువేనియాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కీర దోసకాయ. దేశానికి దోసకాయల రాజధాని అంటారు. పాత ఊరి పెరళ్ళలో తరాల నుంచి పండిస్తున్నారు. వేసవిలో దోసకాయల పండుగ చేస్తారు. నువ్వు వెళ్ళేది జూలై కాబట్టి సరిగ్గా సీజన్.

కాయ మన సూపర్ మార్కెట్ కీరాలా పొడుగ్గా, నున్నగా ఉండదు. వేలంత నుంచి అరచేయంత పొడవు, ఒళ్ళంతా చిన్న బుడిపెలు, బుడిపెల మీద నూగు. కొరికితే పటుక్కుమంటుంది.

గోదారి_గట్టు

పద్మ గారూ, ఆవకాయ పెట్టేవాళ్ళకి ఉప్పునీళ్ళ దోసకాయ నచ్చుతుందా?

పచ్చళ్ళ_పద్మ

ముందు నాకూ నచ్చలేదు. ఇప్పుడు ఇంట్లో నేనే ఊరబెడుతున్నాను. రెండు రకాలు ఉన్నాయి, తేడా తెలిసి కొనండి. వెనిగర్ పోసి చేసేది ఒకటి, ఇది తియ్యగా పుల్లగా ఉంటుంది, షాపుల్లో దొరికేవి ఎక్కువగా ఇవే. రెండోది వెనిగర్ చుక్క కూడా లేకుండా ఉప్పునీళ్ళలో తనంతట తానే పులిసేది. అసలు రుచి దీనిదే.

చేసే పద్ధతి: కాయలు కోసిన రోజే చల్లటి నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టాలి. సీసా అడుగున గింజ పట్టిన సోయకూర (డిల్) కాడలు, వెల్లుల్లి, గుర్రపు ముల్లంగి ఆకు, నల్ల ద్రాక్షలా ఉండే కరెంట్ పండ్ల చెట్టు ఆకులు, చెర్రీ ఆకులు వేస్తారు. ఓక్ ఆకు ఒకటి రెండు వేస్తే కాయ మెత్తబడకుండా కరకరలాడుతుంది, ఆకులోని వగరు చేసే పని అది. కాయలు నిలువుగా కూరి, ఉప్పునీళ్ళు కాయ మునిగేదాకా పోయాలి. కాయ పైకి తేలిందంటే బూజు పట్టినట్టే, అందుకని బరువు పెడతారు. ఒకట్రెండు రోజులకే తింటే పచ్చిగా, కొంచెం ఉప్పగా ఉంటుంది. అలా తినడమే ఇక్కడివాళ్ళకు ఇష్టం. వారాలు గడిచేకొద్దీ పులుపు ఎక్కి ముదురు ఆకుపచ్చ రంగుకి వస్తుంది.

ఇంకొకటి: తాజా కీరాని నిలువుగా చీల్చి దాని మీద తేనె పోసి ఇస్తారు. నవ్వకండి, తిని చూడండి.

బాల్టిక్_బాబాయ్

తేనెతో దోసకాయ! ఇదా మీరు చెప్పే చారిత్రక విశేషం :)

దోసకాయ మాట వచ్చింది కాబట్టి నా రంగం నుంచి ఒకటి చెప్తాను. యూరప్ షాపుల్లో చిటికెన వేలంత గెర్కిన్ సీసా తిప్పి చూడండి, చాలాసార్లు "ఇండియా" అని ఉంటుంది. కర్ణాటకలోనూ, మన కుప్పం వైపూ రైతులు కాంట్రాక్టు మీద పండించి పంపుతున్నవే. అక్కడ మనం తినం, అంతా ఎగుమతే. కాయ సైజు మిల్లీమీటర్లలో కొలిచి ధర కడతారు. ఒక్క రోజు ఆలస్యంగా కోస్తే గ్రేడు పడిపోతుంది.

పచ్చళ్ళ_పద్మ

చూశారా, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండే బాబాయ్ గారికి కూడా చెప్పడానికి ఒక కథ దొరికింది. అందుకే కేదైనియైలో కొనేటప్పుడు సూపర్ మార్కెట్‌లో కాకుండా బజారులో అమ్మే పెద్దావిడల దగ్గర కొనమంటాను. వాళ్ళ పెరటివే తెస్తారు.

కౌనస్_మెడికో

అమ్మకి ఇది చదివి వినిపించాను. "ఆ గుర్రపు ముల్లంగి ఆకు ఇక్కడ దొరుకుతుందా కనుక్కో" అంటోంది :) ఇంతకీ అమ్మకి అక్కడ భోజనం సంగతి?

విల్నియస్_వాణి

షల్తిబార్ష్చై అడుగు. కేఫీర్‌లో (పులియబెట్టిన పాలు) బీట్‌రూట్, కీరా, సోయకూర కలిపి చేసే చల్లటి సూపు, రంగు చూస్తే గులాబీ. పక్కన వేడి బంగాళాదుంపలు ఇస్తారు. మజ్జిగ తాగే మనకి పెద్ద ఇబ్బంది ఉండదు. ఉడికించిన గుడ్డు ముక్కలు వేస్తారు కాబట్టి గుడ్డు వద్దని ముందే చెప్పు. బంగాళాదుంప అట్లు (బుల్విన్యయ్ బ్లీనై) సోర్ క్రీమ్‌తో ఇస్తారు. ఇక్కడే జాగ్రత్త: పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లే అలవాటు ఉంది. మెనూలో "శాకాహారం" అని రాసున్నా ఇంకోసారి అడుగు. మా అత్తగారికి ఒక ఊళ్ళో హోటల్‌లో ఇలాగే వచ్చింది, ప్లేటు వెనక్కి పంపిస్తే పైన ముక్కలు ఏరేసి అదే ప్లేటు తెచ్చారు. ఆవిడ ఆ పూట బ్రెడ్ తిని ఊరుకున్నారు.

నల్ల రై బ్రెడ్ వెల్లుల్లి రాసి వేయించి ఇచ్చేది భలే ఉంటుంది. పులిహోర డబ్బా మాత్రం బ్యాగులో ఉంచుకో.

రైలు_రామం

ప్రయాణం సంగతి నేను చెప్తా. కౌనస్ నుంచి అయితే బస్సే సుఖం, గంట లోపు. విల్నియస్ నుంచి అయితే రైలు, క్లైపెద వైపు వెళ్ళే లైన్‌లో కేదైనియై స్టేషన్ ఉంది. స్టేషన్ నుంచి పాత ఊరికి సుమారు రెండు కిలోమీటర్లు. ఈ లైను 1871లో వచ్చింది, లియెపాయా ఓడరేవును రష్యా సామ్రాజ్యం లోపలి ప్రాంతాలతో కలపడానికి వేసింది.

సోమవారం పెట్టుకోకు. ఇక్కడ చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు, కొన్నింటికి ఆదివారం కూడా. సమాధి గది తాళం మ్యూజియంవాళ్ళ చేతిలో ఉంటుంది కాబట్టి ముందు రోజే ఫోన్ చేసి టైమ్ అడుగు. చర్చి దాకా వెళ్ళి గొళ్ళెం చూసి వెనక్కి వచ్చినవాళ్ళు ఉన్నారు.

చరిత్ర_చాదస్తం

ప్రాంతీయ మ్యూజియం పాత కార్మెలైట్ (క్యాథలిక్ సన్యాసుల్లో ఒక శాఖ) మఠంలో ఉంది. జంతువుల కొమ్ములతో చేసిన కుర్చీలు, బల్లలు చూపించు, ఒక జమీందారు సరదా. దానికంటే విన్సస్ స్విర్స్కిస్ చెక్క శిలువలు తప్పకుండా చూడాలి. 19వ శతాబ్దపు పల్లె శిల్పి. ఇల్లూ వాకిలీ లేకుండా రైతుల ఇళ్ళలో ఉంటూ, ఒక్కో ఓక్ దుంగలో శిలువనూ దేవతలనూ కలిపి చెక్కేవాడు. పక్కనే సెయింట్ జోసెఫ్ చెక్క చర్చి కూడా ఉంది. తెల్ల గోడల రిఫార్మ్‌డ్ చర్చి చూసిన వెంటనే దాంట్లోకి వెళ్తే తేడా బాగా తెలుస్తుంది.

కారు ఉంటే ఊరి నుంచి ఉత్తరంగా పది కిలోమీటర్ల దగ్గర షెతేనియై. 1980లో నోబెల్ అందుకున్న కవి చెస్వావ్ మిలోష్ 1911లో పుట్టింది అక్కడే. రాసింది పోలిష్‌లో, పుట్టిన నేల నెవేజిస్ లోయ. పాత ఎస్టేటు ధాన్యపు కొట్టును బాగుచేసి ఆయన పేరిట కేంద్రం పెట్టారు. ఏటి గట్టు మీద నడక బాగుంటుంది, కానీ అమ్మగారి మోకాళ్ళకి ఆ వాలు కష్టం.

వార్సా_వాసు

మిలోష్ మావాడు అని ఇక్కడ పోలండ్‌లో అంటారు, మావాడు అని అక్కడ అంటారు. మళ్ళీ మొదలుపెట్టమంటారా?

చరిత్ర_చాదస్తం

వద్దు మహాప్రభో. ఆ చర్చకి వేరే థ్రెడ్ తెరవండి, నేనూ వస్తా.

కౌనస్_మెడికో

సరే, ఖాయం చేశాను. మంగళవారం, పొద్దున బస్సు. ముందు సమాధి గది, తర్వాత కూడళ్ళు, భోజనం, మధ్యాహ్నం మ్యూజియం, వెనక్కి వచ్చేముందు టాక్సీలో మినార్. దౌక్షై సంగతి నాన్ననే అడుగుతాను. ఆఖరి ప్రశ్న: అమ్మ ఆ దోసకాయల సీసా హైదరాబాద్ తీసుకెళ్తానంటోంది. ఫ్లైట్‌లో ఒప్పుకుంటారా?

రైలు_రామం

చేతి బ్యాగులో వద్దు, ఉప్పునీళ్ళు కూడా ద్రవమే, చాలా ఎయిర్‌పోర్టుల్లో 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీలో తీసి పక్కన పెడతారు. చెక్-ఇన్ లగేజీలో పెట్టండి.

పచ్చళ్ళ_పద్మ

పెట్టేముందు ఒకటి. పులుస్తున్న సీసా అసలు పెట్టొద్దు, గ్యాస్ పుట్టి మూత లేస్తుంది, చీరలన్నీ వెల్లుల్లి వాసన. ఫ్యాక్టరీలో వేడి చేసి సీలు వేసిన సీసా అయితే భయం లేదు. రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, తువ్వాలు చుట్టి, సూట్‌కేసు మధ్యలో పెట్టమనండి. పెరటి పచ్చడి మాత్రం ఇక్కడే తినేసి వెళ్ళమని చెప్పు.